నన్ను గూడ రాసుకోన్రి

ఉమ్ ఘువైలినా, దోహా
14 సెప్టెంబర్ 2024

సునందక్కా,

ఫోన్లో అడిగితే "బాగనే ఉన్నం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తావు. అందుకే మన పాత ఒప్పందం ప్రకారం కాగితం మీద అడుగుతున్నాను, ఎలా ఉన్నావు? ఫోన్లో నేను కోతలు కోస్తాననీ, కాగితం మీదైతే కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాననీ నువ్వే కదా అన్నావు. సెలవు మీద కోరుట్లకు వస్తున్న గజేందర్ చేతికి ఇది ఇస్తున్నాను.

డాక్యుమెంట్ కంట్రోలర్ అంటే ఏం చేస్తావురా అని పోయినసారి అడిగావు. కంపెనీకి వచ్చిన ప్రతి ఉత్తరం మీద, ప్రతి డ్రాయింగు మీద 'అందినది' అని ముద్ర కొట్టి, తేదీ వేసి, ఎవరికి చేరాలో వాళ్ళకు చేర్చడం. ఐదేళ్ళలో ఒక్క కాగితం కూడా నా బల్ల మీద రోజుకు మించి పడి లేదు. ఇది మాత్రం కోత కాదు. కానీ అక్కా, ఎం.ఏ. తెలుగు చదివి, పీహెచ్‌డీ సగం దాకా లాగినవాడి ఐడీ కార్డు మీద 'క్లర్క్' అని ఉంటుంది. బ్యాంకులో, ఆస్పత్రిలో ఎవరైనా కార్డు అడిగితే ఆ మాట మీద బొటనవేలు పెట్టి ఇస్తాను. సిగ్గుగా ఉంటుంది. నీ దగ్గర దాచేదేముంది.

అందుకే నాకు శుక్రవారాలు ప్రాణం. అల్ మన్సూరాలో సెలూన్ షాపు పైన నిసార్ అహ్మద్ భాయ్ ఫ్లాటుంది. మన కోరుట్లాయనే, సర్వేయరు. అక్కడ పదకొండు మందిమి కూర్చుంటాం. ఒకరు ఒక విషయం ఎత్తుకుంటారు, మిగతావాళ్ళం దాన్ని కిందా మీదా చేసి పరీక్షిస్తాం. మాకు రెండు నియమాలు. మొదలుపెట్టే ముందు ప్రతివాడూ ఆ వారంలో తాను పొరబడిన సంగతి ఒకటి చెప్పాలి. దాన్ని పొరపాటు వంతు అంటాం. రెండోది, ఏ మాట చెప్పినా అది ఎంత గట్టిగా నమ్ముతున్నాడో నూటికి ఇన్ని పాళ్ళు అని కలిపి చెప్పాలి. "వచ్చే వారం ఎండ తగ్గుతుంది, నూటికి అరవై పాళ్ళు." ఇట్లా. దీనివల్ల నోటికొచ్చింది వాగడం తగ్గిందక్కా, నిజంగా.

ఇప్పుడు మా ముందున్న సమస్య మాకు మేం ఏమని పేరు పెట్టుకోవాలన్నది. నవ్వకు. మేధావులు అని ఒకరన్నారు. "అరె భాయ్, నలుగురు మనల్ని అంటె సరే. మనకు మనమే అనుకుంటె రేపు బయట ముఖమెట్ల సూపిస్తం?" అన్నాడు నిసార్ భాయ్. జిజ్ఞాసువులు అంటే నోరు తిరగదన్నారు. పాఠకులు అంటే చదవడం ఒక్కటే కాదు కదా మన పని అన్నారు. నేను వివేచకులు అని పెట్టాను. ఏది మంచో ఏది చెడో విడదీసి చూసేవాళ్ళం అని. దాని మీద వచ్చే నెల నేను ప్రసంగించాలి.

జలంధర్ గుర్తున్నాడా? భూమవ్వ తమ్ముడు. బిర్కత్ అల్ అవామిర్ క్యాంపులో ఉంటున్నాడు, స్కాఫోల్డింగ్ పని. బిల్డింగుల చుట్టూ పైపులతో పరంజా కడతాడు. నేనే ఓసారి రమ్మన్నాను. రెండు బస్సులు మారి వచ్చి, చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని మూడు గంటలు కదలకుండా విన్నాడు. వెళ్ళేటప్పుడు, "సార్, ఒక్క మాటను గిట్ల తిప్పి మర్లేసి సూస్తరని నాకు తెల్వది. నన్ను గూడ రాసుకోన్రి" అన్నాడు. రాసుకున్నాం. పోయిన వారం పేరు గురించి అతనూ ఒక మాటన్నాడు. "ఇనేటోళ్ళు అని పెట్టుకుంటె ఎట్లుంటది సార్? క్యాంపుల మేం చెప్తె ఇనేటోడే ఉండడు." అందరం నవ్వాం. ఎగతాళిగా కాదులే. నేను దానికి ఐదు పాళ్ళు వేశాను.

వెంటనే రాయి. గజేందర్ నెల తర్వాత తిరిగొస్తాడు.

నీ తమ్ముడు
నగేష్


కోరుట్ల
13 అక్టోబర్ 2024

నగేషూ,

పదకొండు మంది మీసాలున్న మగవాళ్ళు ఒక పేరు కోసం నెలల తరబడి కొట్టుకుంటున్నారా! మా బడిలో ఆరో తరగతి పిల్లలు క్రికెట్ జట్టుకు అరగంటలో పేరు పెట్టేస్తారు. సరే, నీ ప్రసంగానికి అడ్డం రాను. నాకు మాత్రం జలంధర్ చెప్పిన పేరే నచ్చింది. దానికి ఐదు పాళ్ళే ఎందుకు వేశావో విడమరిచి రాయి. పోట్లాడకుండా ఉండలేవని తెలుసు.

ఇక అసలు సంగతి. ఇక్కడి నుంచి చదివేటప్పుడు జలంధర్ నీ పక్కన లేకుండా చూసుకో.

భూమవ్వకు బాగాలేదు. ఎండాకాలం నుంచే అన్నం సహించడం లేదని బీడీలు చుట్టడం తగ్గించింది. పోయిన నెల కరీంనగర్ తీసుకుపోయాను. కడుపులో గడ్డ ఉంది, అది కాలేయానికి పాకింది అన్నారు. మూడు నాలుగు నెలలంటున్నారు. నా ఈడుది, నాతో ఐదో తరగతి దాకా చదువుకున్నది. ఈసారి బతుకమ్మ పేర్చలేదు. అరుగు మీద కూర్చుని మమ్మల్ని చూసింది, అంతే.

ఎవరూ తమ్ముడికి చెప్పొద్దని పట్టుబట్టింది. నాతో చేతిలో చెయ్యి వేయించుకుంది. "సునందా, నీ నోటితోని వానికి జెప్పకు. వాడు ఆడ మీదికెక్కి పని జేస్తడు. కండ్లల్ల నీళ్ళు పెట్టుకోని ఎక్కిండంటె ఏమన్న ఉన్నదా?" అంది. నోటితో చెప్పనని మాటిచ్చాను. రాయనని ఇవ్వలేదు.

అతను ఆమెకు తమ్ముడు కాదురా, కొడుకు. తల్లి పోయిన నాటికి వాడికి నాలుగేళ్ళు. చంకలో వేసుకుని బీడీలు చుట్టింది. వాడు చూడకుండా ఆమె పోకూడదు.

అందుకే నీకు రాస్తున్నాను. ఫోన్లో వద్దు. పరంజా మీద ఉండగా అసలే వద్దు. ఒక శుక్రవారం పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పు. మర్నాడు పనికి వెళ్ళనివ్వకు. అతనికి సెలవు ఎప్పుడుంటే అప్పుడు బయల్దేరదీయి. ఆలోచించి మాట్లాడేవాడివని ఈ పని నీ చేతుల్లో పెడుతున్నాను. ఇది చదివిన వెంటనే చెయ్యి.

అక్క
సునంద


ఉమ్ ఘువైలినా, దోహా
27 అక్టోబర్ 2024

సునందక్కా,

నీ ఉత్తరం అందింది. చాలా బాగుంది, ఎప్పటిలాగే. గజేందర్ తన డ్యూటీ వల్ల రాలేక జలంధర్‌కు ఇచ్చి పంపాడు. పాపం, చెమట తగలకూడదని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు.

ఇక నా కబురు! మొన్న శుక్రవారం ప్రసంగించాను. నలభై నిమిషాలు. పేరు అంటే మనం ఏమిటో చెప్పేది కాదు, ఏం కావాలనుకుంటున్నామో చెప్పేది అన్నాను. తనకు తెలిసినదానికీ తాను ఊహిస్తున్నదానికీ మధ్య గీత గీయగలిగినవాడే వివేచకుడు అన్నాను. అయిపోయాక నిసార్ భాయ్ లేచి వాటేసుకున్నాడు. పన్నెండు మందిలో తొమ్మిది మంది చేతులెత్తారు. ఇక మేం వివేచకులం! నిసార్ భాయ్ భార్య బిల్కిస్ వదిన సేమియా పాయసం చేసి పెట్టింది. చాలా ఏళ్ళ తర్వాత నేను క్లర్కునన్న సంగతి ఆ పూట మరిచిపోయాను.

మా పద్ధతి ఎంత ఉపయోగమో చూడు. ప్రసంగం అయ్యాక జలంధర్ లేచి, "సార్, ఒకటడగాలె" అన్నాడు. అతనికి సోమవారం నుంచి సెలవు దొరుకుతుంది. వదులుకుంటే మళ్ళీ మార్చికే. వదులుకుని ఉంటే కొత్త సైటులో చార్జిహ్యాండ్‌ని, అంటే గ్యాంగుకు మేస్త్రీని, చేస్తానని ఫోర్‌మన్ అన్నాడట. "పోవాల్నో వద్దో సమజైతలేదు. అక్క మాట తేడగున్నది సార్. మంచిగున్న అంటది గని గొంతుల బలం లేదు. ఏమన్న దాస్తున్నరేమో" అన్నాడు.

అందరూ నావైపు చూశారు. నేను ఒక్కొక్కటే విడదీశాను. గొంతు మారడానికి మామూలు కారణాలు ఎన్ని, జబ్బు అయ్యే అవకాశం ఎంత, నిజంగా ఏదైనా ఉంటే ఊళ్ళోవాళ్ళు ఎవరో ఒకరు మాకు చెప్పకుండా ఉంటారా, దూరంగా ఉన్నవాడి భయం ఎంత పెంచి చూపిస్తుంది. అన్నీ తూకం వేసి, "ఏం లేదు జలంధర్, నూటికి తొంభై పాళ్ళు" అన్నాను. అతని ముఖం ఎంత తేటపడిందనుకున్నావు! "మీరన్నంక ఇగ రంది లేదు సార్" అని, సెలవు మార్చికి వాయిదా వేసుకుంటానన్నాడు.

ఒక మనిషికి దారి చూపించాం. పేరు పెట్టుకున్న రోజే దానికి తగ్గ పని చేశాం. ఈ ఉత్తరం సెలవు మీద ఊరికి వస్తున్న హమీదుద్దీన్ తెస్తున్నాడు.

నీ
నగేష్


కోరుట్ల
10 నవంబర్ 2024

నగేష్,

భూమవ్వ ఐదో తారీఖు సాయంత్రం చనిపోయింది. ముందు రోజు మధ్యాహ్నం దాకా మాట్లాడుతూనే ఉంది. డాక్టర్లు మూడు నాలుగు నెలలన్నారు, అన్ని రోజులు ఆగలేదు.

జలంధర్ వస్తున్నాడని ఫ్రీజర్ బాక్సు తెప్పించి ఒక రోజంతా ఆపాం. ఏడో తారీఖు పొద్దున ఇక ఆపడానికి పెద్దలు ఒప్పుకోలేదు. పదిన్నరకు లేపారు. అతను ఒంటిగంటన్నరకు వచ్చాడు. స్నానం చేసి తడిబట్టలతో వాకిట్లో కూర్చున్న వాళ్ళం అతన్ని చూసి లేవలేకపోయాం. నేరుగా ఆమె బీడీలు చుట్టే చాట దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఏడవలేదు. "సెలవు పెట్టుకుంటుంటి, ఆపుకున్న" అని అందరికీ అదే చెప్తున్నాడు.

అది నాకు అర్థం కాలేదు. ఎనిమిదిన హమీదుద్దీన్ నీ ఉత్తరం తెచ్చి ఇచ్చాకే అర్థమయింది. మూడుసార్లు చదివాను.

నా అక్టోబర్ ఉత్తరం నీకు ఎప్పుడు అందింది? ఎప్పుడు చదివావు? నీ ఆఫీసుకొచ్చే ప్రతి కాగితం మీద తేదీ ముద్ర వేస్తావట కదా. దాని మీద ఏ తేదీ వేశావు?

ఆమె జబ్బు గురించి నీకు ముందే రాశానని అతనికి ఇంకా చెప్పలేదు.

సునంద


ఉమ్ ఘువైలినా, దోహా
22 నవంబర్ 2024

అక్కా,

ఏం రాయాలో తోచడం లేదు. భూమవ్వ పోవడం నన్ను ఎంతగా కుంగదీసిందో మాటల్లో పెట్టలేను.

నీ ఉత్తరం చదివాను. అయితే పరిస్థితి నువ్వనుకున్నంత సులువుగా లేదు. ఆమె నీ దగ్గర మాట తీసుకుంది. పోయే మనిషి కోరికను కాదనే హక్కు నాకుందా అని ఆలోచించాను. పైగా అతను ఎత్తు మీద పనిచేసే మనిషి. అదను చూసి, తగిన సమయంలో, తగిన విధంగా చెప్పాలనుకున్నాను. మూడు నాలుగు నెలలని నువ్వే రాశావు కదా. ఆ శుక్రవారం అందరి ముందూ చెప్పే సందర్భం కాదు, అందుకే అప్పటికి ధైర్యం చెప్పి పంపాను. కాలం మనకు సహకరించలేదు. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం అనుకుంటున్నాను.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

నగేష్


కోరుట్ల
1 డిసెంబర్ 2024

నగేష్,

దీన్ని మనిషి చేతికి ఇవ్వడం లేదు. రాసి, ఫోటో తీసి, నీ ఫోనుకు పంపుతున్నాను.

నా ఉత్తరం చదివి కూడా నువ్వు అతనితో తొంభై పాళ్ళు ఏం లేదన్నావంటే నువ్వు దుర్మార్గుడివి. అట్లాంటివాడివి కావని నాకు తెలుసు. చిన్నప్పుడు కోడిపిల్ల చస్తే రెండు రోజులు అన్నం మానేసినవాడివి. అంటే చదవలేదు. జలంధర్ చెప్పిన పేరుకు ఐదు పాళ్ళే ఎందుకని నిలదీస్తే, దాని మీద ఒక్క వాక్యం కూడా పోట్లాడకుండా "చాలా బాగుంది, ఎప్పటిలాగే" అని రాశావు. అప్పుడే అనుమానం రావాల్సింది.

ఇంకో మాట. తప్పు నీ ఒక్కడిదే అని నేనూ తప్పించుకోను. నేనే అతనికి ఫోన్ చేసి ఉండాల్సింది. నోటితో చెప్పనన్న మాట పట్టుకుని, బరువు నీ మీదికి నెట్టి, గుండె తేలిక చేసుకున్నాను. ఆ సిగ్గు నాకుంది. రోజూ వాళ్ళ గుమ్మం ముందు నుంచే బడికి పోతున్నాను.

నిజం రాయి.

సునంద


ఉమ్ ఘువైలినా, దోహా
7 డిసెంబర్ 2024

అక్కా,

చదవలేదు.

అక్టోబర్ పద్దెనిమిది, శుక్రవారం. నిసార్ భాయ్ గుమ్మంలో చెప్పులు విడుస్తూ జలంధర్ చొక్కా గుండీలు రెండు విప్పి కవరు తీశాడు. "సార్, టీచరమ్మ పంపింది. తడ్వకుంట తెచ్చిన" అన్నాడు. దాన్ని నా నల్ల బ్యాగు పక్క జేబులో పెట్టాను. ఇంటికొచ్చి చదువుదామనుకున్నాను, చదవలేదు. ఎందుకో చెప్తాను. నువ్వు నవ్వుతావని తెలుసు. వివేచకులు అన్న మాట మీద నువ్వు ఒక్క చురక వేస్తే చాలు, నా ప్రసంగమంతా నాకే వెలితిగా కనిపిస్తుంది. ఆ ఒక్క వారం నీ నవ్వు వినదలచుకోలేదు. అంతే అక్కా. అంత చిన్న కారణం.

ఇరవై ఐదున ప్రసంగం కాగితాలు తీసేటప్పుడు నీ కవరు అంచు బయటికొచ్చింది. చూశాను. వేలితో లోపలికి తోశాను. గంట తర్వాత అదే బ్యాగు ఒళ్ళో పెట్టుకుని జలంధర్‌కు తొంభై పాళ్ళు చెప్పాను. ఊళ్ళోవాళ్ళు ఎవరో ఒకరు మాకు చెప్పకుండా ఉంటారా అన్నాను. థూ.

నవంబర్ ఆరున అతన్ని విమానాశ్రయంలో దింపింది నేనే. లోపలికి పోతూ నా చెయ్యి పట్టుకున్నాడు. "మీరేం జేస్తరు సార్. తొంభై అన్నరు, పది మిగిలిచ్చిన్రు గద. గా పది నాకు పడ్డది" అన్నాడు. నన్ను ఓదార్చాడక్కా. మర్నాడు ఆఫీసుకు పోకుండా కూర్చుని నీ కవరు చింపాను. రెండో పేరా దాటాక అక్షరాలు కనబడలేదు.

నిన్న మా పొరపాటు వంతులో నేను మొదట ఒక బస్సు నంబరు గురించి ఏదో చెప్పాను. ఇన్నాళ్ళూ అక్కడ నేను చెప్పిన పొరపాట్లన్నీ అలాంటివే. చెప్పుకుంటే మంచివాడిలా కనిపించేవి. నా తర్వాతివాడు మొదలుపెట్టబోతుంటే ఆపి, ఇది చెప్పాను. మొత్తం. ఒకాయన, అయితే వివేచకులు అన్న పేరు తీసేద్దామా, వేరే పేరు చూద్దామా అన్నాడు. ఇంకొకాయన, మనిషి తప్పుకు పేరేం చేస్తుంది, పేరు ఉండనిద్దాం అన్నాడు. మళ్ళీ పేరు మీదే చర్చ మొదలైంది. నేనూ ఏదో అనబోయాను.

అప్పుడు బిల్కిస్ వదిన టీ ట్రే కింద పెట్టి, గుమ్మంలోనే నిలబడి అంది. "పేరు తర్వాత సూసుకోన్రి. ఆ భయ్యకు జెప్పిన్రా లేదా?"

చెప్పలేదు. రెండుసార్లు ఫోన్ చేసి, "తిన్నవా" అని అడిగి పెట్టేశాను. అక్కా, నా వల్ల కావడం లేదు. నువ్వు చెప్పు. నీ నోటితో వింటే తట్టుకుంటాడు. నేను పిరికివాడిని. నాకు సరిగ్గా సరిపోయే పేరు ఇదొక్కటే.

నగేష్


కోరుట్ల
20 డిసెంబర్ 2024

నగేషూ,

నిజం రాసినందుకు కోపం కొంచెం తగ్గింది. బాధ తగ్గలేదు.

నేను చెప్పను. నా వంతు నేను చెప్పుకున్నాను. నిన్న జలంధర్ ఇంటికి పోయి, నాకు ముందే తెలుసు, ఫోన్ చేయలేదు, అన్నాను. "అక్క ఒట్టేయించుకున్నది గదా టీచరమ్మా" అన్నాడు. ఆ మాట నన్ను ఇంకా సిగ్గుపడేట్టు చేసింది. ఆమె సంగతి నీకు ఉత్తరంలో రాశాననీ, అది అతనే మోసుకొచ్చాడనీ చెప్పలేదు. అది నీ నోటి నుంచి రావాలి.

అతను ఇరవై మూడున బయల్దేరుతున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. కవరు అంటించలేదు. నువ్వు నాకు రాసిన మూడు ఉత్తరాలు, అక్టోబర్‌ది, నవంబర్‌ది, డిసెంబర్‌ది, ఇందులోనే పెట్టాను. "ఇందులో దాచేదేం లేదు, దారిలో చదువుకో" అని అతనితో చెప్పాను. నీకు చెప్పే ధైర్యం లేకపోతే, నీ ఎదురుగా నిలబడే వేళకు అతనికి తెలిసే ఉంటుంది. అప్పుడు కూడా తల ఎత్తి అతని ముఖం చూడాల్సింది నువ్వే.

తప్పించుకోకు.

సునందక్క


ఉమ్ ఘువైలినా, దోహా
28 డిసెంబర్ 2024

అక్కా,

నిన్న శుక్రవారం జలంధర్ అల్ మన్సూరాకు వచ్చాడు. పైకి రాలేదు. సెలూన్ ముందు మెట్ల దగ్గర నిలబడి ఫోన్ చేశాడు. దిగి వెళ్ళాను. గుండు మీద వెంట్రుకలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. చొక్కా గుండీలు విప్పి ప్లాస్టిక్ కవరు తీసి నాకిచ్చాడు. అదే కవరేమో అనిపించింది.

"చదివినవా?" అన్నాను.

"మీ ఉత్తరం నేనెందుకు సదువుత సార్?" అన్నాడు. "టీచరమ్మ సదువుకొమ్మన్నది. గని మీద మీ పేరున్నది గద."

అంటించని కవరు, అక్కా. నాలుగు రోజులు అతని దగ్గరే ఉంది. తెరవలేదు. నా పేరు మీద ఉన్న కాగితాన్ని అతను అలా గౌరవించాడు. నేను నా పేరు మీద వచ్చినదాన్ని అతని కోసం తెరవలేకపోయాను.

ఇక దాక్కోవడానికి చోటు లేదు. మెట్ల మీద కూర్చున్నాం. ముందు నా నోటితోనే చెప్పాను. తర్వాత పైకి పోయి బ్యాగులోంచి నీ అక్టోబర్ ఉత్తరం తెచ్చి, మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. బతుకమ్మ నాడు అరుగు మీద కూర్చుందన్న చోట ఆపమన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఆగాను. కాసేపటికి, "సదువున్రి" అన్నాడు. చంకలో వేసుకుని బీడీలు చుట్టింది అన్నప్పుడు తల వంచుకున్నాడు. "వాడు చూడకుండా ఆమె పోకూడదు" అన్న వాక్యం రెండుసార్లు మొదలుపెట్టి, మూడోసారి చదివాను.

అయిపోయాక అడిగాడు. "ఎన్ని దినాలున్నది సార్ సంచిల?"

"ఇరవై రోజులు."

"నేనడిగిన నాడు?"

"ఉంది. ఒళ్ళోనే ఉంది."

తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అతను అరచేయి చొక్కా మీద, గుండెల దగ్గర పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"రెండు బస్సులు మారిన సార్ ఆ నాడు. సీటు దొరకలె. ఎవడన్న ఒత్తుతడేమోనని దారి పొడుగున గిట్ల చెయ్యడ్డం పెట్టుకోనొచ్చిన. అక్క సంగతి గీడ్నే ఉండె" అన్నాడు.

క్షమించమని అడగలేదక్కా. నోట్లోకి వచ్చింది, మింగేశాను. అడిగితే పాపం అతను క్షమించేస్తాడు. ఆ పని కూడా అతని చేత చేయించదలచుకోలేదు.

లేచాడు. "గా కాయితం నాకియ్యున్రి" అన్నాడు. నీ ఉత్తరం ఇచ్చాను. ఒకసారి మడతలు సరిచేసి, నేను ఖాళీ చేసిచ్చిన అదే ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చొక్కా లోపలికి తోసుకుని గుండీలు పెట్టుకున్నాడు. పైనుంచి పేరు మీద వాదిస్తున్న మావాళ్ళ గొంతులు వినిపిస్తున్నాయి. బిల్కిస్ వదిన కిటికీలోంచి చూస్తోంది. అతనూ పైకి చూశాడు.

"పేరు ఇంక ఖాయం గాలేదా సార్?"

లేదన్నాను.

"ఏదన్న పెట్టుకోన్రి. నన్నయితె రాసుకోకున్రి" అని బస్టాపు వైపు వెళ్ళిపోయాడు.

పైకి వెళ్ళాను. జలంధర్ అన్నమాట చెప్పాను. నిసార్ భాయ్ మా పేర్ల పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. అందులో పన్నెండో పేరు జలంధర్‌ది. మొదట్లో నేనే నా చేతిరాతతో రాశాను. నేనే కొట్టేశాను. పక్కన తేదీ వేశాను.

నగేష్